దోమతెర కింద కాక్‌పిట్

మే నెల రెండో వారంలో మా విమాన కంపెనీ నుంచి ఉత్తర్వు వచ్చింది. జూన్ మొదటి సోమవారం జెట్ విమానం టైప్ రేటింగ్ కోర్సుకు హాజరు కావాలి. ఒక్కో రకం విమానం నడపడానికి లైసెన్సులో విడిగా వేయించుకోవలసిన అర్హతను టైప్ రేటింగ్ అంటారు. మామూలుగా రెండు నెలల చదువు; మాకు సగానికి కుదించారు. అనుభవజ్ఞులకు చాలావరకు తెలిసే ఉంటుందని కారణం రాశారు. ఏమేం తెలుసో మమ్మల్ని ఎవరూ అడగలేదు.

అప్పటికి నేను పదమూడేళ్లుగా పంకాల విమానం, అంటే ప్రొపెల్లర్లది, నడుపుతున్న కెప్టెన్‌ని. కంపెనీ ఆ విమానాలను ఒక్కొక్కటిగా వదిలించుకుంటోంది. కోర్సు తప్పితే నడపడానికి నాకు విమానం ఉండదు, టోపీ మాత్రం మిగులుతుంది.

సెలవు పెట్టి శ్రీరాంపూర్‌లో మా ఇంటికి వెళ్లాను. కాక్‌పిట్ బొమ్మ అచ్చువేసిన పెద్ద కాగితాలు వెంట తెచ్చుకున్నాను. ముందరి ప్యానెల్‌ను బీరువా తలుపులకు అంటించి, తలపైన ఉండేదాన్ని దోమతెర కర్రలకు కట్టాను. ఏ స్విచ్ తరువాత ఏది ముట్టుకోవాలో చేతికి అలవాటు చేయడాన్ని మేం ఫ్లో అంటాం. రోజంతా అదే పని. రెండో రోజే పక్కింటావిడ మా అవ్వను అడిగిందట, "నీ కొడుకు దోమతెరతోని ముచ్చట పెడుతుండు, పానం మంచిగనే ఉన్నదా?" అని. అవ్వ ఫికరు వేరు.

"పెండ్లికి పోవాలె, చీర బీరువల ఉన్నది. నీ ఇమానం జర తెరువు బిడ్డా" అన్నది.

చెక్‌లిస్టు చదవడానికి మా నాన్నను, అంటే బాపును, పక్క కుర్చీలో కూర్చోబెట్టాను. ఆయన ఒక్కో అంశం చదివితే, నేను ఆ స్విచ్ వైపు చూసి జవాబు చెప్పాలి. ఆయన బొగ్గు బాయిలో వైండింగ్ ఇంజన్ ఆపరేటర్‌గా రిటైరయ్యారు. మనుషులెక్కిన ఇనుప బోనును తాడు మీద బాయిలోకి దించి, పైకి లాగే పని. కింది నుంచి గంట మోగితే, అదే గంటను తిరిగి మోగించాకే లివర్ కదపాలి. ఇంగ్లిష్ కూడబలుక్కొని చదువుతారు.

మూడో అంశం దగ్గరే ఆపేశారు.

"సూడలే" అన్నారు.

"సూసిన బాపు."

"నా మొకం దిక్కు సూసినవ్. మల్ల మొదటికెళ్లి చెప్పు."

ఆ పూట పదకొండుసార్లు మొదటికి వెళ్లాం. నాకు కోపమొచ్చి, ఇది ఉత్త కాగితమే కదా అన్నాను. "కాయితం మీదనే సూస్తలేవ్, గాలిల సూస్తవా?" అని మళ్లీ మొదలుపెట్టారు. పది రోజులకు ఆయన నోట "సూసినవ్" అనే మాట వచ్చింది. మెచ్చుకోలు అంతే.

కోర్సులో నా జతగాడు మరో కెప్టెన్, మహా వేగం. నేల మీదే ఉండే నమూనా కాక్‌పిట్, సిమ్యులేటర్‌లో మొదటి నాడే శిక్షకుడు నన్ను నత్త అన్నాడు. పైగా ఆ జెట్‌లో ఇంజన్ శక్తి దానంతట అదే మారినా లివర్లు కదలవు. లివర్లను తానే కదపడానికి అలవాటుపడ్డ నా కుడిచేయి వారం రోజులు పరేషాన్ అయింది. ఆ సంగతి బీరువా నేర్పలేదు.

చివరి పరీక్ష కూడా సిమ్యులేటర్‌లోనే. టేకాఫ్ కాగానే పరీక్షాధికారి కుడి ఇంజన్‌కు మంట పెట్టాడు. విమానం నా చేతిలో ఉంది. ఇంజన్ ఆపడం జతగాడి పని. స్విచ్ మీద చేయి పెట్టి అడగాలి, నేను చూసి "కన్ఫర్మ్" అన్నాకే ఆపాలి. అతను అడిగాడు. "కన్..." వరకు నా నోటినుంచి వచ్చేసింది. అప్పుడు చూశాను. అతని చేయి ఎడమ స్విచ్ మీద ఉంది. అది ఆపితే రెండు ఇంజన్లూ పోయినట్టే.

"కాదు, కుడి" అన్నాను. చేయి మారింది. విమానం దిగింది. నేను నెగ్గాను. అతనికి మరో రెండు తరగతులు పెట్టి, ఆ తరువాత పాస్ చేశారు.

ఇంటికి ఫోన్ చేసి గొప్పగానే చెప్పుకున్నాను. బాపు అంతా విన్నారు.

"అంటే సూడకముందే సగం మాట అననే అన్నవ్" అన్నారు.

తరువాత జెట్ మీద శిక్షకుడిగా కూడా పనిచేసి రిటైరయ్యాను. ఆ కోర్సువల్ల తెలిసింది ఇది: అలవాటున్న పైలట్‌కు జవాబు ముందు వస్తుంది, చూపు తరువాత వెళ్తుంది. కుదించిన కోర్సులు అలాంటివాళ్లకే ఇస్తారు కాబట్టి, కొత్తవాళ్లకంటే వాళ్లనే దగ్గరగా కనిపెట్టి ఉండాలి.