నాలుగింటికి రెండు చప్పుళ్లు

మా ఇంటి ఓనరమ్మ గారు మొన్న మంగళవారం పొద్దున ఆసుపత్రిలో కన్నుమూశారు. ఖైరతాబాద్‌లో ఉండే ఆవిడ తమ్ముడి కోడలు నా సెల్‌కి ఫోన్ చేసి, "ఆంటీ, అత్తమ్మ పోయింది" అని పెట్టేసింది. స్టవ్ మీద పాలు పొంగిపోయాయి. తుడవాలని కూడా తోచలేదు.

చాలా ఏళ్ల కిందట, మా అమ్మ చనిపోయిన ఏడాదే నేను నాంపల్లిలోని ఈ పై వాటాలో దిగాను. డాక్టర్లు రికార్డు చేసిన మాటలు విని టైపు కొట్టి, సాయంత్రం అయిదు లోపు ఇంటర్నెట్‌లో పంపడం నా పని. అప్పటి ఇంటర్నెట్ ఇప్పటిలా గాలిలో వచ్చేది కాదు. ఫోన్ వైరు మోడెమ్‌కి గుచ్చితే అది నంబరు తిప్పి, కీచుమని, గరగరమని, దయ తలిస్తే కలిసేది. సొంత ఫోను ఎప్పటికొస్తుందో తెలియక ఓనరమ్మ గారి ఫోను నుంచే పైకి ఒక వైరు లాగించుకున్నాను. కింద ఆవిడ ఫోను, పైన నా మోడెమ్, లైను మాత్రం ఒక్కటే.

రెండో నెలలో పీడ మొదలైంది. సరిగ్గా నాలుగింటికి, ఫైలు సగం వెళ్లేసరికి, లైను తెగిపోయేది. వైరు పీకి గుచ్చాను. మార్చాను. మోడెమ్ సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ ఎక్కించాను. చివరికి మోడెమ్‌ని గుడ్డలో చుట్టుకుని ఆబిడ్స్‌లో రిపేరు షాపుకి మోసుకెళ్లాను. అతను రెండు రోజులు ఉంచుకుని, "ఏం గాలేదమ్మా, మంచిగనే ఉంది" అని చేతిలో పెట్టాడు. పని ఇచ్చేవాళ్లు మాత్రం, ఇంకొక్కసారి ఆలస్యమైతే వేరేవాళ్లని చూసుకుంటామన్నారు. కింద ఫోను ఎత్తితే లైను తెగుతుందని తెలియనిదాన్ని కాను. కానీ ఆవేళప్పుడు ఆవిడ నిద్రపోతారని నా గట్టి నమ్మకం. వెళ్లి అడగడానికి మొహమాటం కూడా.

ఇంతలో కింద ఇంకో కథ నడుస్తోంది. ఓనరమ్మ గారు తన ఫోను పాడైందని లైన్‌మన్‌ని మూడుసార్లు పిలిపించారు. అతను పొద్దున పదకొండింటికి వచ్చి, ఎత్తి చూసి, బాగానే ఉందని చెప్పి, చాయ్, ఉస్మానియా బిస్కెట్లు పుచ్చుకుని వెళ్లేవాడు. బిస్కెట్ల కోసమైనా నాలుగోసారి వచ్చి ఉండేవాడే.

ఒకరోజు ఫైలు మళ్లీ తెగింది. ఏడుపు, కోపం కలిసి వచ్చి దడదడా మెట్లు దిగాను. ఓనరమ్మ గారు రిసీవరు చెవి దగ్గర పెట్టుకుని, మొహం చిట్లించుకుని నిలబడి ఉన్నారు.

"ఇగో చూడు బిడ్డా, మల్ల గదే లొల్లి. లోపట ఎవరో ఏడుస్తున్నట్టుంది."

"అయ్యో, అది నా కంప్యూటరండీ!"

"నీ కంప్యూటర్ ఎందుకేడుస్తుంది?"

"మీరు ఫోను ఎత్తుతున్నారు కాబట్టి."

ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఆవిడే ముందు నవ్వారు. నాకు ఇంకా కోపం తగ్గలేదు. "ఇంతకీ ఎవరికి చేస్తున్నారండీ రోజూ?" అన్నాను.

"ఎవ్వరికి లేదు. ఆయన ఉన్నన్ని దినాలు ఫోన్ ఒక్కతీరుగ మోగేది. ఇప్పుడు మోగుతలేదు. చెడిపోయిందేమోనని చూస్త. ఫోన్ మోగకుంటే మందిది తప్పనుకోవద్దు బిడ్డా, లైన్‌ది అనుకోవాలె. మనసుకు నిమ్మలముంటది."

నా కోపం ఎక్కడికి పోయిందో తెలియదు. ఆ పూట ఆవిడ పెట్టిన చాయ్ తాగి పైకి వచ్చాను. ఆవిడ మెట్ల దాకా వచ్చి, "మిషన్ విప్పేముందు మనిషిని అడగాలె" అని వడ్డించడం మాత్రం మరిచిపోలేదు. ఆ మాట తర్వాత నా మిక్సీకి, గీజరుకి, ఒకసారి నా జ్వరానికి కూడా వాడారు.

మర్నాటి నుంచి పద్ధతి పెట్టుకున్నాం. ట్యాంకు నుంచి దిగే ఇనుప పైపు నా వంటింటి కిటికీ పక్కనుంచి ఆవిడ వంటింటి కిటికీ పక్కకు వెళుతుంది. నాలుగింటికి ఫోను ఎత్తేముందు ఆవిడ చపాతీ కర్రతో రెండుసార్లు కొడతారు. లైను ఖాళీగా ఉంటే నేను గరిటెతో ఒకసారి కొట్టాలి. జవాబు రాకపోతే ఆవిడ ఆగుతారు. నీళ్ల మోటారు విషయంలో నాతో గుక్క తిప్పుకోకుండా పోట్లాడిన రోజున కూడా కొట్టారు. ఆ రోజు కాస్త గట్టిగా.

కొన్నేళ్లకి నేను వేరే వైరు మీద బ్రాడ్‌బ్యాండ్ పెట్టించుకున్నాను. మోడెమ్ అటకెక్కింది. ఆవిడకి చెప్పలేదు. చెబితే కొట్టడం మానేస్తారు. ఒకసారి మొజంజాహీ మార్కెట్ నుంచి సీతాఫలాలు తెచ్చిచ్చినప్పుడు, "ఇంకా గా ఏడ్చేదేనా నీది?" అని అడిగారు. "అదేనండీ" అన్నాను. "ఔ, మంచిదే" అన్నారు. ఒంటరి మనిషి, పోనీలే, నా ఒక్క చప్పుడు ఆవిడకి తోడు అనుకునేదాన్ని. నిజం చెప్పొద్దూ, నేనేదో ఉపకారం చేస్తున్నానని లోపల కాస్త గర్వం కూడా.

నిన్న సామాను సర్దడానికి తమ్ముడి కోడలు వస్తే సాయానికి వెళ్లాను. ఫోను అదే స్టూలు మీద, దుమ్ము లేకుండా ఉంది. ఊరికే రిసీవరు ఎత్తాను. లోపల ఏ శబ్దమూ లేదు.

"అది పన్జెయ్యదాంటీ. సెల్లు కొన్నప్పుడే అత్తమ్మ లైన్ తీపిచ్చేసింది. శానేండ్లయింది."

"మరి రోజూ పైపు కొట్టేవారు కదమ్మా?"

"నేను గూడ గిట్లనే అడిగిన. 'పైన బిడ్డ ఒక్కతే ఉంటది. నేను కొట్టకుంటే ఫికర్ జేస్తది' అన్నది."

 ఆ పిల్ల నా చేతిలోంచి రిసీవరు తీసి, జాగ్రత్తగా మళ్లీ దాని చోట పెట్టింది.

ఇవాళ నాలుగింటికి చాయ్ పెట్టుకుని, గరిటె పట్టుకుని కిటికీ దగ్గర నిలబడ్డాను. చాయ్ మరిగి సగమయ్యేదాకా చూశాను. తర్వాత నేనే ఒకసారి కొట్టాను, లైను ఖాళీగా ఉందని. ఆవిడ చపాతీ కర్ర తగిలి తగిలి రంగు పోయిన చోటు దాకా పైపు సన్నగా మోగింది.