మిగిలిన మందు

టీకాల కూర్మయ్య పుట్టింది పాతపట్నం దగ్గర ఓ రైతు ఇంట. రాత్రి మిగిలిన అన్నంలో నీళ్లు పోసి పొద్దుటికి దాచుకునే ఇల్లది. మెతుకు పారేస్తే తల్లి ఊరుకునేది కాదు. ఆ బుద్ధే ఉద్యోగంలో అతని కొంప ముంచబోయింది.

కలిపిన మశూచి మందు ఆ రోజుకే పనికొస్తుంది, మిగిలింది సాయంత్రం పారబోయాలి. అరవై ఎనిమిది వేసవిలో ఒకనాడు పారబోయడానికి కూర్మయ్యకు చేతులు రాలేదు. సీసాను తడిగుడ్డలో చుట్టి నీళ్లకుండలో దాచాడు. మర్నాడు సముద్రపొడ్డున చేపలు పట్టేవాళ్ల పేటలో పిల్లలకి అదే వేశాడు.

సూది వేయించుకుంటే అమ్మవారికి కోపం వస్తుందని ఆ పేటలో భయం. చేపలమ్మే మరిడమ్మ తన మనవరాలి చెయ్యి ముందుగా చాపబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఒక్కరూ దగ్గరికి వచ్చేవారు కారు.

వారం తర్వాత వచ్చి చూస్తే ఒక్క చేతికీ పొక్కు లేవలేదు. అంటే టీకా పట్టలేదన్నమాట. పక్క ఊళ్లో అప్పటికే మశూచి దిగింది. కూర్మయ్యకు దాచిన సీసా గుర్తొచ్చింది.

"అమ్మోరే వద్దన్నాది బావూ! అందుకే పొక్కు రానేదు," అన్నాడు పేట పెద్ద ఎర్రన్న.

ఎంత సులువైన దారి! తలూపి సైకిలెక్కితే సరి. నిజం చెబితే వీళ్లు మళ్లీ సూదిని నమ్ముతారా? ఉద్యోగం మాత్రం ఉంటుందా? మరిడమ్మ మనవరాలు నున్నటి చెయ్యి తిప్పి చూపిస్తూ నవ్వుతోంది.

"అమ్మోరు కాదు మావా, తప్పు నాది. ముందురోజు మందు దాసి ఏసినాను. అది సెడిపోనాది. మళ్లీ ఎయ్యాల."

"మా పిల్లలేటి నీకు ఆటబొమ్మలా?" ఎర్రన్న మీదికొచ్చాడు.

మరిడమ్మ అడ్డుపడింది. "ఉండరా! ఈ బావు నోరు మూసుకుంటే మనకేటి తెలుస్తాది? అమ్మోరి మీదకి తోసీసి ఎల్లిపోనేదు కదా." కూర్మయ్య వైపు తిరిగింది. "మరి ఇప్పుడేసే మందు ఎప్పుడు కలిపినావు?"

"ఇంకా కలపనేదమ్మా. నీ ముందరే కలుపుతాను."

కలిపేదాకా మరిడమ్మ కళ్లార్పకుండా చూసి, మనవరాలి చెయ్యి మళ్లీ అందించింది. ఆ వెనకే పేటంతా కదిలింది.

జరిగింది కూర్మయ్యే పైఅధికారికి రాసిచ్చాడు. చీవాట్లు తప్పలేదు, ఉద్యోగం నిలిచింది. నెల తిరక్కుండా మశూచి పేట దాకా వచ్చింది గానీ ఒక్క పిల్లనూ ముట్టలేదు. ఎర్రన్న దండం పెట్టబోతే కూర్మయ్య ఆగలేదు, తిన్నగా వెళ్లి మరిడమ్మ కాళ్లమీద పడ్డాడు.

"తప్పు సేసినోడి సేతికి మనవరాల్ని రెండోసారి అప్పగించినావమ్మా. బతికున్నన్నాళ్లూ నీ మేలు మరిసిపోను."