అలసటకు ఒక కందిపప్పు బద్ద

మా ఇంట్లో డైనింగ్ టేబుల్ మీద భోజనం చేసి చాలా కాలమైంది. ఎవరి పళ్లెం వాళ్లం ఒళ్లో పెట్టుకుని, ఎవరి వేళకు వాళ్లం సోఫాలో తింటాం. టేబుల్ మీద ఒక గ్రహం ఉంటుంది. పాత గోధుమరంగు దుప్పటి ముక్క పరిచి, నా అసిడిటీ మాత్రల ఖాళీ స్ట్రిప్పులకు వెండిరంగు పూసి కట్టిన ఊరు అది. ఆ బుడిపెలే ఇళ్లు. వాటి మధ్య వేలిగోరంత ట్యాంకులు, బియ్యపు గింజంత సైనికులు. ఏ కాలంలోనో, ఏ నక్షత్రం దగ్గరో జరగబోయే యుద్ధానికి వాళ్లంతా హైదరాబాదు నల్లగండ్లలో, మా నాలుగో అంతస్తులో, దుమ్ము పట్టి సిద్ధంగా ఉంటారు.

బొమ్మలు మా ఆయన తెప్పిస్తాడు. రంగులు నేను వేస్తాను. నెయిల్ పాలిష్ బ్రష్‌కి నాలుగు వెంట్రుకలు ఉంచి మిగతావి కత్తిరించేస్తే ఇంత చిన్న సైనికుడికి కూడా టోపీ పెట్టొచ్చు. పెళ్లికి ముందు ఇద్దరం మాదాపూర్‌లో ఒకే ఆఫీసులో పనిచేసేవాళ్లం. ఆయనది సిద్దిపేట వైపు, నాది కాకినాడ. క్యాంటీన్‌లో ఉప్పు డబ్బా, సాసు సీసా అడ్డం పెట్టి ఆయన ఈ బొమ్మల యుద్ధం ఆట నేర్పించాడు. అప్పట్లో నియమాలేమిటని అడిగిన గుర్తు కూడా లేదు.

ఇప్పుడు ఆయనది రాత్రి షిఫ్టు. సర్వర్లు పడిపోతే లేపి నిలబెట్టే పని. అవి మనం పడుకునే వేళకే పడతాయి. నాది పగటి షిఫ్టు, టెస్టింగ్. నేను పొద్దున స్కూటీ బయటకు తీసేసరికి ఆయన గేటు దగ్గర క్యాబ్ దిగుతాడు. తాళం చేతిలో పెట్టి "కూర ఫ్రిజ్‌లో ఉంది" అంటాను. "గ్యాస్ బుక్ చేసినవా?" అంటాడు. ఇంతే మా సంసారం. శనివారమంతా ఆయన నిద్ర. ఆదివారం పొద్దున టీ తాగాక ఒక గంట మాత్రం ఇద్దరం ఒకే చోట మెలకువగా ఉంటాం. ఆ గంటలోనే ఆట. ఆ తర్వాత బట్టలు, ఇస్త్రీ, వారానికి సరిపడా కూరలు తరగడం, ఆయనకు మళ్లీ కళ్లు మూసుకుపోవడం.

చదరంగమైతే ఈ బాధ లేదు. గుర్రం ఎక్కడైనా గుర్రంలాగే దూకుతుంది. ఈ ఆటలో బొమ్మలు మనవి, నియమాలు ఎవరివో. ట్యాంకు ఒక వంతులో ఎంత దూరం కదలాలి, పాచిక ఎంత పడితే గుండు తగిలినట్టు, బెదిరిన దళం ఏం చేస్తుంది, ఇవన్నీ రాసిన పుస్తకాలు లోకంలో కొల్లలు. నచ్చినదాన్ని ఎంచుకుని ఆడుకోవాలి. ఆ ఎంచుకోవడమే మా కొంప ముంచింది.

ప్రతి ఆదివారం ఆయన ట్యాబ్‌లో ఒక కొత్త పుస్తకం తెరిచేవాడు. "జర ఆగు, గీ పేజీ అయితే సమజైతది" అంటూ మొదలుపెట్టేవాడు. ఆ పేజీ ఎన్నడూ అయ్యేది కాదు. నా టీ చల్లారేది, గంట గడిచేది, సైనికులు ఎక్కడివాళ్లు అక్కడే ఉండేవాళ్లు. ఒక్క తూటా పేలకుండా వర్షాకాలమంతా వెళ్లిపోయింది.

చివరికి ఆయన మనసు ఒక లావుపాటి పుస్తకం మీద పడింది. అందులో దళాలు అలసిపోతాయి. కదిలితే అలసట, కాల్పుల కింద పడితే అలసట, ఎక్కువైతే ఆజ్ఞ ఇచ్చినా కదలవు. అక్కడి దాకా వినేసరికి నాకు ఒళ్లు మండింది.

"నాకు అలసిపోయే సైనికులు వద్దు బాబూ. వారమంతా చూస్తున్నది అదే. ఆదివారం కూడానా?"

"గట్లుంటేనే నిజమనిపిస్తది."

"నిజం నాకు మన గేటు దగ్గర రోజూ దొరుకుతోంది."

నాకు నచ్చింది పలచటి పుస్తకం. పాచిక వేయి, కాల్చు, అయిపోయింది. ఆయనకు అది పిల్లలాట. తెగలేదు. అప్పుడు మేము మాలాంటివాళ్లు మాత్రమే చేయగల పని ఒకటి చేశాం. ఎక్సెల్ షీట్ తెరిచాం. ఆఫీసులో సాఫ్ట్‌వేర్ కొనేముందు చేసినట్టే, ప్రతి పుస్తకానికీ వేగానికి ఇన్ని మార్కులు, సహజత్వానికి ఇన్ని, అని వేశాం. నా పుస్తకం గెలవాలని నేను వేగానికి మార్కులు పెంచాను. ఆయన సహజత్వానికి పెంచాడు. ఒకరి కుట్ర ఒకరికి తెలుసు, ఇద్దరం పెద్దమనుషుల్లా కూర్చున్నాం. లెక్క తేలేసరికి మూడో పుస్తకం గెలిచింది. దాన్ని ఇద్దరిలో ఎవరూ కోరుకోలేదు.

అయినా షీట్ చెప్పిందని ఆ మూడోదే ఆడాం. అన్నీ సవ్యంగా నడిచాయి, నేను గెలిచాను, ఇద్దరికీ ఆవలింతలు వచ్చాయి. ఆట అయ్యాక ఆయన బొమ్మలను పెట్టెలో పెట్టడం మొదలుపెట్టాడు.

"ఇగ వద్దులే. వచ్చే ఐతారం గూడ తేలకపోతే అటక మీద పెడ్త. షిఫ్టు మారినంక చూద్దాం."

షిఫ్టు మారడమేమిటో నాకు తెలుసు, మా అటకా తెలుసు. క్యారమ్స్ బోర్డు, నా కుట్టుమిషను, ఇద్దరం కలిసి నేర్చుకుందామని కొన్న కీబోర్డు, అన్నీ కొన్నాళ్లకే అని ఎక్కినవే. ఒక్కటీ దిగలేదు. ఈ పెట్టె కూడా ఎక్కితే మా మధ్య మిగిలేది ఫ్రిజ్‌లో కూర, గ్యాస్ బండ. నాకు నిజంగా భయం వేసింది. ఆ వారం ఆఫీసులో ఏం టెస్ట్ చేశానో నాకు గుర్తు లేదు.

ఆదివారం టీ పెట్టి, "నీ లావు పుస్తకమే తెరువు" అన్నాను. ఆయన నన్ను అనుమానంగా చూశాడు. వారం వారం పగలూ రాత్రీ తారుమారై ఆయన కళ్లు ఎర్రగా, లోతుగా పోయి ఉన్నాయి. అలసటకు గుర్తుగా పెట్టడానికి ఏదో కావాలంటే వంటింట్లోంచి గుప్పెడు కందిపప్పు తెచ్చాను. దళం అలసినప్పుడల్లా దాని పక్కన ఒక బద్ద పెట్టాలి. ఆట మొదలైన కాసేపటికే ఇద్దరి దళాలూ బద్దల మధ్య కూరుకుపోయాయి.

"యుద్ధం ఆపి సాంబారు పెట్టుకుందామా?" అన్నాను.

ఆయన నవ్వాడు. ఆ నవ్వు విని ఎన్నాళ్లయిందో.

"తగ్గుతది. ఆ తర్వాతి పేజీల ఉన్నది. నువ్వు ఎన్నడన్న చదవనిచ్చినవా?"

"నువ్వు చదివితే కదా! ఇప్పుడు చెప్పు."

ఆయన ట్యాబ్ చూడకుండానే చెప్పాడు. అలసిన దళం ఒక వంతు కదలకుండా ఉండాలి, దాని పక్కన సొంతవాళ్ల దళం ఇంకొకటి ఉండాలి. అప్పుడు ఒక బద్ద తీసేయొచ్చు.

"ఆ పక్కదేం చేయాలి?"

"ఏం చెయ్యొద్దు."

"మందులివ్వడం, ధైర్యం చెప్పడం..."

"ఏంది నీ పరేషాన్? పక్కకు ఉండుడే. గంతే."

తర్వాత నా వంతు. ఏ ట్యాంకు కదపాలా అని ఆలోచిస్తుంటే ఎదురుగా చప్పుడు ఆగిపోయింది. తలెత్తి చూస్తే ఆయన గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, కూర్చున్నచోటే నిద్రపోయాడు. అవతలి చేతిలో పాచిక అలాగే ఉంది. మామూలుగా అయితే నాకు కోపం రావాలి. లేచి బట్టలు మిషన్లో వేసుకుని, ఆదివారం పోయిన కోపం గిన్నెల మీద చూపించేదాన్ని. ఫోన్‌లో ఆఫీసు గ్రూపు మోగింది. బోర్లా పెట్టేశాను.

ఆయన జుట్టు చెవుల దగ్గర ఎంత నెరిసిందో అప్పుడు చూశాను. ఒకే ఇంట్లో ఉండి కూడా మనిషి మీద బెంగ పెట్టుకోవచ్చని, నేను చాలా కాలంగా పెట్టుకునే ఉన్నానని అర్థమైంది. కుర్చీ చప్పుడు కాకుండా ఎత్తి, టేబుల్ చుట్టూ తిరిగి, ఆయన పక్కన వేసుకుని కూర్చున్నాను. ఏమీ చేయలేదు. కూరగాయలు కూడా తరగలేదు. కిందెక్కడో నీళ్ల ట్యాంకర్ మోటారు మోగుతూ ఉంది.

ఎండ టేబుల్ దాటి గోడ ఎక్కాక ఆయన ఉలిక్కిపడి లేచాడు.

"వంతెవలిది?"

"అయిపోయింది. ఒక బద్ద తీసెయ్."

"ఎవలకు?"

"ఇద్దరికీ."

"గట్లెట్ల? నువ్వు ఎదుటి పార్టీ కదా."

"నేను ఎటు కూర్చున్నానో చూడు."

ఆయన నా ఖాళీ చోటు వైపు చూశాడు, తర్వాత నన్ను చూశాడు. పాచిక కింద పెట్టి, తన దళం దగ్గర ఒక బద్ద, నా దళం దగ్గర ఒక బద్ద తీసి నా అరచేతిలో పెట్టాడు.