సబ్‌మెరైన్‌ల వేసిన కూక

నా బిడ్డ నేవీకి సెలెక్టయింది. తెల్లారి ఒడిశాల ట్రైనింగ్‌కు హాజరు కావాలె. సత్తుపల్లిల బస్సెక్కి ఇద్దరం విశాఖపట్నం వచ్చినం. సాయంత్రం రైలు. ఆ మధ్యల లైట్‌హౌస్, యుద్ధం మ్యూజియం చూడాలని పట్టుబట్టింది. నేనేమో "నేను పోనమ్మా" అని ఒక్క మాట అంటదేమోనని పొద్దుటినుంచి దాని మొఖమే చూస్తున్న. అంటే చాలు, రైలు లేదు గీలు లేదు, చెయ్యి పట్టుకొని ఇంటికి తీసుకపోదును.

భీమిలిల పాత లైట్‌హౌస్ తెల్లగ ఉంది. ఎప్పుడో దొరల కాలం నాటిదట. దాని ముందు నిలబడి ఫోటో తియ్యమన్నది. పక్కనే సముద్రం. అన్ని నీళ్లు నా జన్మల చూడలే. మా దిక్కు అడవిల తప్పిపోతే ఏ వాగో పట్టుకొని కిందికి నడిస్తే ఊరు తగుల్తది. ఇక్కడ దేన్ని పట్టుకోవాలె?

"ఓడకు తొవ్వ ఎట్ల తెలుస్తదే?" అన్న.

"అన్నిటికీ మిషన్లుంటయమ్మా" అని నవ్వింది. నాకు ఒళ్లు మండింది.

"నవ్వు, నవ్వు! తొవ్వ తప్పుతరనే కదా ఇంత దీపం కట్టింది?"

ఆటోల మళ్ల విశాఖపట్నం బీచ్‌కు వచ్చినం. ఒడ్డున పెట్టిన సబ్‌మెరైనే మ్యూజియం. లోపల అన్నీ పైపులు, మీటర్లు. గుండ్రటి తలుపుల్ల నుంచి వంగి దూరాలె. ఇరుకు బల్లల మీద బొమ్మ మనుషుల్ని పండబెట్టిండ్రు. "ఇసొంటి దాంట్లకే తోలుతరా నిన్ను?" అంటే, "కాదమ్మా, ఓడల మీదికి" అంటనే జనంల ముందుకు పోయింది. రెండు తలుపులు దాటిన. బిడ్డ లేదు.

తునికాకు కోయనీకి అడవికి పోతే మేం పేరు పెట్టి పిలుచుకోం. పేరు వింటే అడవి మనిషిని పట్టుకుంటదని మావోళ్ల భయం. ఒకరు "కూ..." అంటే ఇంకొకరు "కూ..." అనాలె, అంతే. ఎక్కడున్ననో మర్చిపోయి, గొంతు చించుకొని "కూ..." అని కూకేసిన. ఇనుప గోడలు ఖంగుమన్నయ్. పిల్లలు కిసుక్కున నవ్విండ్రు. "ఏంటమ్మా ఆ అరుపు?" అని గైడు కసిరిండు. సిగ్గుతోని చచ్చిన. ఇంతమందిల నా చదువుకున్న బిడ్డ ఇంకేం పలుకుతదిలే అనుకున్న.

అవతల నుంచి సన్నగ "కూ..." అన్నది.

చిన్నప్పటి నుంచి వింటున్న దాని కూక. ఆకు మంచిగ దొరికితే ఒక తీరు, ఆకలైతే ఒక తీరు. ఇది భయపడ్డ కూక.

పోయి చూస్తే ఒక బల్ల కాడ కమ్మీ పట్టుకొని నిలబడ్డది. "అమ్మా, నాకు భయమైతాంది. నువ్వు ఉండమంటే ఉంట. చెప్పు" అన్నది.

నేను పొద్దుటినుంచి కాచుకున్న మాట. జవాబు నాలుక మీదికి వచ్చింది. వెనకోళ్లు తోస్తున్నరు. దాని కళ్లల్లకు చూసిన. పోవాలంటే భయం ఉంది, నేనెక్కడ ఉండమంటనో అని అంతకంటే ఎక్కువ భయం ఉంది.

"నడువే, రైలుకు టైమైతాంది" అన్న. నా మొఖం దానికి కనబడొద్దని నేనే ముందు నడిచిన.