ఎర్తు గుంత పక్కన స్నానం బండ

పిడుగంటే భయపడే మనిషి ఇంటి పక్కన అంత ఎత్తు ఇనుప స్తంభం ఎందుకు నిలబెట్టుకుంటాడో నాకు ఇన్నేళ్లయినా అర్థం కాలేదు. మా ఆయన అలాంటి మనిషే. డెబ్బైల మొదట్లో గోదావరిఖనిలో బొగ్గు గని ఎలక్ట్రీషియన్. సర్కారు పరీక్ష రాసి, లైసెన్సు తెచ్చుకుని, డ్యూటీ లేనప్పుడు రేడియో పెట్టె ముందు కూర్చుని ముక్కూ మొహం తెలియని వాళ్లతో గాలిలో ముచ్చట్లు పెట్టేవాడు. హామ్ రేడియో అంటారు దాన్ని. నాతో మాట్లాడటానికి మాత్రం ఆయనకు లైసెన్సు రాలేదని దెప్పేదాన్ని.

ఆ పెట్టె కోసం పాత బోరింగు పైపులు ఒకదానికొకటి అతికించి క్వార్టరు వెనక వాకిట్లో స్తంభం ఎత్తాడు. ఎత్తిన రోజు నుంచి పిడుగు బెంగ పట్టుకుంది. గుంత తవ్వి, రాగి పలక దించి, చుట్టూ కట్టెబొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా పోసి, స్తంభం కాలి నుంచి ఒక రాగి పట్టీ తెచ్చి ఆ పలకకు బిగించాడు. పిడుగు పడితే ఇంట్లోకి దూరకుండా ఆ పట్టీ వెంట నేలలోకి దిగిపోవాలి. అదే ఎర్తు. అయితే నేల తడిగా ఉంటేనే అది పనిచేస్తుంది. మా కింద నేలకు తడి ఎక్కడిది? గనిలో పంపులు రాత్రీ పగలూ నీళ్లు తోడిపోస్తుంటే చుట్టుపక్కల బావులన్నీ ఎండిపోయాయి.

ఎండాకాలం రాగానే ఎర్తుకు మీటరు పెట్టి చూసి, ముల్లు పైకెక్కిందని తల పట్టుకునేవాడు. గుంతలో రోజూ నీళ్లు పొయ్యమని నా ప్రాణం తీసేవాడు. నల్లా రోజు విడిచి రోజు వచ్చే కాలనీలో!

"తాగతందుకే లేవు. నీ గుంతల నా కండ్ల నీళ్లు పొయ్యాల్నా?" అన్నాను ఒకరోజు.

ఆ మాట పక్కింటి కాక విన్నాడు. మా రెండు క్వార్టర్లకు వాకిలి ఒకటే. కాక గనిలో బొగ్గు నింపేవాడు. బ్లాస్టింగు చప్పుళ్లకు చెవులు సగం పోయాయి, అందుకే మా గొడవల్లో గట్టిగా అరిచినవి మాత్రమే ఆయన దాకా చేరేవి. మా వైపు ఇళ్లలో ఒక కట్టుబాటు ఉండేది. ఎంత నీటి కరువైనా, షిఫ్టు దిగి వచ్చే మనిషి స్నానానికి నీళ్లు పక్కన పెట్టాకే మిగతా పనులు. కాక భార్య, నేను చిన్నమ్మా అని పిలిచేదాన్ని, ఒంట్లో బాగాలేని రోజు కూడా ఆ కాగు నింపకుండా కూర్చోలేదు.

"కొడుకా, నేను తానం జేసిన నీళ్లు ఊకె మోరిల వోతున్నయి. నా బండ నీ గుంత పక్కకు జరుపుకుంట. నీ ఎర్తుకు నీళ్లాయె, నాకు పుణ్యమాయె," అన్నాడు కాక.

ఇద్దరూ కలిసి బండను గుంత అంచుకు దొర్లించారు. వారం తిరక్కముందే మీటరు ముల్లు దిగింది. మా ఆయన పండగ చేసుకున్నాడు. కాక అయితే దారిన పోయేవాళ్లను కూడా పిలిచి చూపించేవాడు. పిడుగును మింగే తీగ తన వాకిట్లో ఉందని, దానికి దాణా తానే వేస్తున్నానని ఆయన గర్వం.

ఆ ఏడు రోహిణి కార్తె చివర ఒక మధ్యాహ్నం గోదావరి వైపు నుంచి మబ్బు కమ్ముకొచ్చింది. మా ఆయన రెండో షిఫ్టులో, భూమి లోపల ఉన్నాడు. అలాంటప్పుడు నా పని ఒకటుంది. రేడియోకు వచ్చే తీగ ఊడదీసి, కిటికీ బయట ఉన్న ఎర్తు కొక్కానికి తగిలించాలి. తగిలించి తలెత్తేసరికి కాక బండ మీద నిలబడి ఉన్నాడు. మొదటి షిఫ్టు దిగి వచ్చాడు, మొహం నిండా సబ్బు. కాళ్ల కింద నల్లటి నీళ్లు గుంతలోకి పారుతున్నాయి.

ఉరిమేటప్పుడు గుంత దగ్గరికి పోవద్దని మా ఆయన నాకు పదేపదే చెప్పేవాడు. బండ జరిపినప్పుడు వానల మాటే లేదు. ఆ రెండింటినీ కలిపి ఆలోచించినవాళ్లు మా ఇద్దరిళ్లలో ఎవరూ లేరు. నాకు అప్పుడు, ఆ కిటికీ దగ్గర తట్టింది.

"కాకా! ఇంట్లకు రా! జల్ది రా!" గొంతు చించుకుని అరుస్తూ గుమ్మం దాకా ఉరికాను.

వినపడ్డట్టుంది. కళ్లు మూసుకునే నవ్వాడు. "ఏం ఫికర్ జెయ్యకు బిడ్డా. తీగ పక్కపొంటనే ఉన్న. అది మింగుతది."

కళ్ల ముందు తెల్లగా అయిపోయింది. చప్పుడు విన్నానో లేదో కూడా తెలియదు. చూపు తిరిగొచ్చేసరికి కాక బండ పక్కన బోర్లా పడి ఉన్నాడు, చేతిలో చెంబు అలాగే ఉంది.

జనం వచ్చారు. ఎవరూ ముట్టరు! ఒంట్లో కరెంటుంది, ముడితే మనమూ పోతామని వాళ్ల భయం. చిన్నమ్మను నలుగురు ఆడవాళ్లు పట్టుకుని ఆపారు. ఆమె పెనుగులాడుతూ కనీసం ఒక బట్టయినా కప్పండని ఏడుస్తోంది. నాకు ఒళ్లు మండిపోయింది. వాళ్లను నోటికొచ్చినట్టు తిట్టి వెళ్లి కాక వీపు మీద చేతులు పెట్టాను. షాకు తగిలిన మనిషికి ఊపిరి ఎలా ఆడించాలో బొమ్మలతో ఉండే పటం ఒకటి మా ఆయన రేడియో పైన అంటించాడు. అన్నం పెట్టినప్పుడల్లా చూసిన బొమ్మలే. వీపు నొక్కాను, మోచేతులు పట్టి ఎత్తాను, మళ్లీ నొక్కాను. వాన మొదలైంది. ఊపిరి తీసుకో కాకా అని బతిమాలాను, తిట్టాను, దండం పెట్టాను. దవాఖాన బండి వచ్చి నన్ను లేపేదాకా నొక్కుతూనే ఉన్నాను. ఆయన ఒళ్లు నా చేతుల కిందే చల్లబడింది.

మర్నాడు దహనం అయి వచ్చాక మా ఆయన రేడియో పెట్టాడు. పలికింది. ఒక్క తీగ కాలలేదు. ఇంటి గోడకు బీట కూడా పడలేదు. వాకిట్లోకి పోయి మీటరు పెట్టి చూశాడు.

"ఎర్తు మంచిగనే పనిజేసింది," అని, కాక నిలబడిన చోటే కూలబడ్డాడు. పిడుగు సరిగ్గా ఆయన చెప్పిన దారినే నేలలోకి దిగింది. ఆ నేల మీదే కాక తడి కాళ్లతో ఉన్నాడు.

దినాలు అయిన మర్నాడు పానా తీసుకుని స్తంభం విప్పడానికి పోయాడు. చిన్నమ్మ బయటికి వచ్చింది.

"ఎందుకు కొడుకా ఇప్పుతున్నవు? మీ కాక రోజు నీళ్లు వోసి సాదిండు దాన్ని," అంది. తర్వాత నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. "నీ పెట్టెకేం గాలేదు గదా?"



"ఏం గాలేదు చిన్నమ్మా," అని నేనే చెప్పాల్సి వచ్చింది.