చెప్పులు విప్పిన కమాండరు

మంగళవారం పొద్దున్న, డయాలసిస్‌కి తీసుకెళ్ళే ఆటో ఇంకా రాకముందే మా మేనత్త పోయింది. విజయనగరంలో మా ఇంట్లో, ముందుగదిలో కుర్చీలో కూర్చుని జడ వేసుకుంటూ పోయింది. సగం అల్లిన జడ భుజం మీదే ఉండిపోయింది. సాలూరులో ఉన్న మా నాన్నకి ఫోన్ చేసి "అత్త పోయింది నాన్నా" అన్నాను. అవతల లారీల హారన్లు వినిపిస్తున్నాయి. "వస్తన్నాను" అన్నాడు. సొంత అక్కతో తొమ్మిదేళ్ళుగా మాట్లాడని మనిషి ఆయన.

ఎందుకు మాట్లాడలేదో ముందు చెప్పాలి. లేకపోతే మా అత్త మీకు అర్థం కాదు.

మా ఊరిని ఆనుకుని ఒక కొండవాగు, మేం గెడ్డ అంటాం, పారుతుంది. దానికి ఒక పక్క పల్లంలో కాలనీ, రెండో పక్క మా వరి చేలు. అత్త సర్పంచిగా ఉన్న ఏడాది, పైన ఒడిశాలో, రాయగడ కొండల్లో మూడు రోజులు వాన పడి గెడ్డ పొంగింది. కాలనీ వైపు గట్టు నానిపోయి జారుతోంది. అది తెగితే ఇళ్ళూ మనుషులూ పోతారు. చేల వైపు గట్టుకి గండి కొడితే నీళ్ళు చేల మీదికి మళ్ళుతాయి. ఆ చేలల్లో మొదటిది మా నాన్నది. నాన్న గట్టు మీద అడ్డంగా నిలబడి, "ఒక్క పూట ఆగప్పా, పైరు పొట్ట మీద ఉన్నాది" అని బతిమాలాడట. అక్కని మా వైపు అప్ప అంటారు. అత్త ఆగలేదు. ఎవరి చేతిలోంచో గునపం తీసుకుని మొదటి దెబ్బ తనే వేసింది.

కాలనీలో ఒక్క ప్రాణం పోలేదు. నీళ్ళు తీశాక మా చేలో మోకాలి లోతు ఇసక మేట మిగిలింది. అత్త పొలం ఎక్కడో మెట్ట మీద ఉండడంతో జనానికి నోటికి పని దొరికింది. తన పొలమైతే కొట్టేదా అన్నారు. గండి కొట్టాక తమ్ముడి వైపు తిరిగి చూడలేదనీ, ఒక్క కన్నీటి చుక్క రాల్చలేదనీ, నేరుగా వంతెన దాటి కాలనీకి పోయి అన్నాలు వండించిందనీ చెప్పుకున్నారు. రాతి మనిషి అన్నారు. తర్వాతి ఎన్నికల్లో ఓడగొట్టారు. నాన్న ఊరొదిలి సాలూరులో లారీలకి బాడీలు కట్టే షెడ్డులో కాపలాకి కుదిరాడు. అమ్మ అప్పటికే లేదు. నేను విజయనగరంలో చంటిపిల్లతో ఉన్నాను. అక్కణ్ణుంచే, ఏదీ కళ్ళతో చూడకుండానే, అత్తని రాతి మనుషుల్లో కలిపేశాను.

ఏడు నెలల క్రితం ఆమె కిడ్నీలు రెండూ పాడైతే నా దగ్గరికి తీసుకొచ్చుకున్నాను. ప్రేమతో తెచ్చానని అబద్ధం ఎందుకు చెప్పాలి? మామయ్య పోయాడు, పిల్లల్లేరు, ఇంకెవరూ లేరు కాబట్టి తెచ్చాను. ఆమె మాత్రం చుట్టపుచూపుగా వచ్చిన దానిలా సంచీ గుమ్మం పక్కన పెట్టి, "ఎన్నాళ్ళోలే, బేగే పోతాను" అంది.

రోజుకి ఇంతే తాగాలని డాక్టరు కొలిచి చెప్పిన నీళ్ళని ఒక సీసాలో పోసుకుని, దాహం వేసినా సాయంత్రానికి రెండు గుక్కలు మిగిల్చి బాల్కనీలో తులసికి పోసేది. ఆకాశం మబ్బు పడితే చాలు, "రాయగడలో వాన పడతందేటి, సూడు" అని నా ఫోన్ వైపు చెయ్యి చాపేది. మేముండేది మూడో అంతస్తులో. గెడ్డ ఎక్కడో నలభై మైళ్ళ అవతల. పడటం లేదని చెప్పేదాకా అన్నం ముట్టేది కాదు. నాకు విసుగ్గా ఉండేది.

ఒక ఆదివారం మధ్యాహ్నం, ఆరో తరగతి చదివే మా అమ్మాయి టీవీలో ఒక డబ్బింగు సినిమా పెట్టింది. భూమి పాడైపోయాక, ఇంకో గ్రహం వెతుక్కుంటూ మనుషుల్ని మోసుకెళ్ళే ఓడ కథ. ఓడకి కమాండరు ఒక ఆడమనిషి. దారిలో వెనక భాగానికి చిల్లు పడుతుంది. భూమ్మీంచి తెచ్చుకున్న విత్తనాలన్నీ అందులోనే ఉన్నాయి. దాన్ని విడగొట్టకపోతే ఓడంతా పోతుంది. విత్తనాలు చూసుకునే ముసలాయన అడ్డం నిలబడి ఒక్క గంట ఆగమని వేడుకుంటాడు. ఆమె ఆగదు, ఆయన మొహం వైపు చూడదు, మీట లాగేస్తుంది. చివరికి అందరూ కలిసి ఆమెని పదవిలోంచి దింపేస్తారు. మంచి పని జరిగిందన్నట్టు వెనక సంగీతం కూడా వేశారు.

"ఈవిడే విలన్ మామ్మా" అంది మా అమ్మాయి.

"విలనేటే?" అంది అత్త. "ఆ ముసిలోడు బతికే ఉన్నాడు కదా. ఆవిణ్ణి తిడతన్నాడు కదా. తిట్టే నోరు బతికుంటే సాలు."

నేను పక్కన పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. "బతికించింది సరే అత్తా. ఒక్కసారి ఆయన వైపు చూడొచ్చు కదా. ఏడవొచ్చు కదా. మనిషా, మరా?" అన్నాను. నేను ఎవర్ని అంటున్నానో నాకు తెలుసు. ఆమెకీ తెలుసు.

అత్త టీవీ వైపే చూస్తూ, "ఏడిస్తే సెయ్యి ఆగిపోతాది. సెయ్యి ఆగిపోతే నీరు ఆగుతాదేటి?" అంది. ఆ సినిమాలో ఎక్కడా నీళ్ళు లేవు. "అయినా నువ్వు సరిగ్గా సూడనేదు. మీట లాగే ముందర ఆవిడ సెప్పులిప్పింది."

"అంతరిక్షంలో చెప్పులేంటి మామ్మా, బూట్లు" అని మా అమ్మాయి పకపకా నవ్వింది.

"బూట్లో సెప్పులో, ఇప్పింది. ఇప్పి పక్కన ఎట్టింది. అప్పుడే లాగింది."

పేపర్ల మీద తల ఉంచుకున్నాను కాబట్టి నేను చూడలేదేమో అనుకున్నాను. అంతటితో వదిలేశాను.

అత్త వదల్లేదు. డయాలసిస్ గదిలో పక్క మంచం ఆవిడకి ఆ కథంతా చెప్పి, "మరి ఆవిడది తప్పని ఎలగంటారమ్మా?" అని అడిగేది. సూది గుచ్చే నర్సుకి చెప్పింది. ఆటో అబ్బాయికి చెప్పింది. అతను "తప్పేటీ నేదు పెద్దమ్మా" అంటే ఆ పూట మొహం తేటగా ఉండేది. ఇంటికొచ్చి ఆ మాట నాకు చెప్పి, నేనూ ఏదైనా అంటానేమోనని కాసేపు చూసేది. నేను ఏమీ అనేదాన్ని కాదు. పోయే ముందు ఆదివారం, "ఆ సినిమా మళ్ళీ ఎట్టవే, ఇద్దరం సూద్దాం" అంది. పని ఉంది, వచ్చే ఆదివారం చూద్దాం అన్నాను.

ఇది రాస్తుంటే నా చెయ్యి ఆగిపోతోంది. ఒక్క మాట చాలునేమో ఆమెకి. నువ్వు చేసింది తప్పు కాదత్తా అని, పోనీ ఆ కమాండరుది తప్పు కాదని. ఏడు నెలలు ఒకే ఇంట్లో ఉండి, మందులు ఇచ్చాను, అన్నం పెట్టాను, ఆ మాట ఇవ్వలేదు.

అత్తని ఊరికి తీసుకెళ్ళాం. కాలనీ ఆడవాళ్ళు గెడ్డ దాటి వచ్చి భోరున ఏడ్చారు. నాన్న సాలూరు బస్సు దిగి, పాడె ఎత్తేదాకా దూరంగా నిలబడి, ఎత్తాక వచ్చి ఒక కొమ్ముకి భుజం పట్టాడు.

తొమ్మిదో రోజు విజయనగరంలో, ఇంట్లో ఉండబట్టలేక ఆ సినిమా పెట్టుకున్నాను. ఆ సీను మూడుసార్లు చూశాను. కమాండరు కాళ్ళకి మోకాళ్ళ దాకా బూట్లున్నాయి. మొదట్నుంచి చివరిదాకా వాటిని విప్పలేదు. మీట లాగేటప్పుడైతే కాళ్ళే చూపించలేదు.

మా వైపు పైరున్న చేలోకి ఎవరూ చెప్పులతో దిగరు. అది అప్పుడు గుర్తొచ్చింది.

పదకొండో రోజు ఊళ్ళో కార్యం అయ్యాక నాన్న గెడ్డ వైపు నడిస్తే వెనకే వెళ్ళాను. మా చేను మీద ఇప్పుడు ఇసకా, ముళ్ళకంపా ఉన్నాయి. గట్టు మీద నిలబడి అడిగాను.

"నాన్నా, ఆ రోజు గండి కొట్టే ముందు అత్త చెప్పులు విప్పిందా?"

నాన్న ఉలిక్కిపడి చూశాడు. "నీకెవలు సెప్పేరు?"

"అత్తే."

నాన్న కాళ్ళ దగ్గర గట్టు చూపించాడు. "ఇప్పింది. ఇదిగో, ఇక్కడే ఎట్టింది. సేలోకి దిగి, వంగి, పైరుకి దండవెట్టింది. అప్పుడు గునపం అడిగింది. అందరూ నీరు సూస్తన్నారు. నానొక్కణ్ణే సూసేను. ఆ సెప్పులు నీటిలో కొట్టుకుపోనాయి. ఒట్టి కాళ్ళతోనే కాలనీకి ఎల్లింది."

"మరి ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదేం నాన్నా?"

"సెప్తే కోపం నిలవదు గదే" అన్నాడు.

ఆయన్ని తప్పు పట్టడానికి నేను మాత్రం ఏం చేశాను?

నాన్న చెప్పులు విప్పి గట్టు మీద పెట్టాడు. మిట్టమధ్యాహ్నపు ఎండకి కాలుతున్న ఇసకలోకి, ఒక్క వరి మొక్క లేని ఆ చేలోకి మెల్లగా దిగాడు. వంగి ఇసకని ముట్టుకున్నాడు. "అప్పా" అన్నాడు. మళ్ళీ కొంచెం గట్టిగా, అవతల కాలనీ గట్టు మీద ఎవరో నడిచి వెళ్ళిపోతున్నట్టు, "అప్పా" అని పిలిచాడు. నేను ఆయన చెప్పుల పక్కన నిలబడి ఉన్నాను.