ఏ దేవుడి పేరూ లేని ప్రార్థన

డెబ్బయ్యో దశకం మధ్యలో నేను ఏజెన్సీ బడులకు డిప్యూటీ ఇన్‌స్పెక్టరుగా పనిచేశాను. విజయనగరం దగ్గరి పల్లెలో పుట్టి పెరిగినవాణ్ణి. కొండల మీదికి పోస్టింగు అనగానే మా ఇంట్లో మలేరియా గురించే మాట్లాడుకున్నారు. పాఠాలు, హాజరు చూడటంతో పాటు ఉదయం ప్రార్థన ఎలా జరుగుతోందో, నీతిబోధ పీరియడులో ఏం చెబుతున్నారో చూడటం కూడా నా పనే. చాలా బడుల్లో అది నిమిషాల్లో అయిపోయేది. పిల్లలు వరసగా నిలబడి సరస్వతీదేవి మీద పద్యం పాడేవారు. నేను తల ఊపి లోపలికి వెళ్ళేవాణ్ణి.

ఒక చలికాలం మా పై అధికారి పిలిచి, ముంచింగిపుట్టు అవతల ఉన్న ఒక ఏకోపాధ్యాయ పాఠశాల సంగతి చెప్పాడు. అక్కడి టీచరమ్మ క్రైస్తవురాలనీ, పిల్లల చేత కళ్ళు మూయించి ఏదో ప్రార్థన చేయిస్తోందనీ సంతలో కొట్టు నడిపే ఒకాయన ఫిర్యాదు చేశాడట.

"ముందుగా కబురు పెట్టకండి. ప్రార్థన వేళకి వెళ్ళి బయటే నిలబడి వినండి. మీరు ఎదురుగా ఉంటే వేరేది పాడిస్తుంది" అన్నాడు.

చాటుగా నిలబడి వినడం నాకు నచ్చలేదు. అయినా సరేనన్నాను.

కింద ఊళ్ళో పడుకుని తెల్లవారకముందే బయలుదేరాను. మంచు దట్టంగా ఉంది. వలిసె చేల గట్ల మీద నడుస్తుంటే పంచె మోకాళ్ళ దాకా తడిసిపోయింది. బడి అంటే మట్టిగోడలూ గడ్డికప్పూ ఉన్న ఒక గది, ముందు కొంచెం జాగా. ఆ పక్కనున్న పనసచెట్టు వెనక నిలబడ్డాను. చలికి పళ్ళు కొట్టుకుంటున్నాయి.

వేలాడదీసిన రైలుపట్టా ముక్క మీద గంట కొట్టారు. పిల్లలు వచ్చి వరసగా నిలబడి కళ్ళు మూసుకున్నారు. తర్వాత ఒక్కొక్కరే చెప్పడం మొదలుపెట్టారు.

"మా ఆవు ఈనినాది. దూడ లెగట్లేదు. బేగి లెగాల."

"అలాగే అవ్వాల" అన్నారు మిగతా పిల్లలంతా.

"మా అయ్యకి జొరం తగ్గాల."

"అలాగే అవ్వాల."

"మా సేలో సోళ్ళు పందులు తినీకూడదు."

ఏ దేవుడి పేరూ వినపడలేదు. ఆ కొట్టాయన విన్నది ఇదే అయి ఉండాలి. పిల్లలంతా ఒక్కసారి అనే ఆ మాట ఆయనకు చర్చిలో అనే ఆమెన్‌లా తోచి ఉంటుంది.

చివరికి ఎనిమిదేళ్ళుండే ఒక ఆడగుంట గొంతు వినిపించింది. "పనసచెట్టు ఎనకాల ఒక బాబు నిలబడ్డాడు. సలికి వణికిపోతన్నాడు. ఆ బాబుకి ఏటీ అవ్వకూడదు."

"అలాగే అవ్వాల" అన్నారు అందరూ.

ఇంకా ఎక్కడ దాక్కుంటాను? బయటికి వచ్చాను. పాతికేళ్ళుంటాయేమో టీచరమ్మకి. శ్రీకాకుళం వైపు మనిషి. శాలువా కప్పుకుని ఎదురొచ్చింది.

"దారి తప్పారాండీ?" అని అడిగింది.

అవునని చెప్పేద్దామనిపించింది. "లేదమ్మా, డిప్యూటీ ఇన్‌స్పెక్టర్ని" అన్నాను.

ఆమె ఒకసారి చెట్టు వైపు చూసింది. నన్ను పొయ్యి దగ్గర కూర్చోబెట్టి గ్లాసుతో వేడి అంబలి ఇచ్చింది. తాగాక ఫిర్యాదు సంగతి దాచకుండా చెప్పేశాను.

"నేను చర్చికి వెళ్తానండి, కానీ దాన్ని బడికి తీసుకురాను" అంది. "ఈ పిల్లల్లో కొందరివి కొండదేవతల్ని కొలిచే ఇళ్ళు. కొందరివి చర్చికెళ్ళేవి. కొట్టాయన పిల్లలు రాముడికి మొక్కుతారు. ఒక పేరు పెడితే మిగతావాళ్ళు నోరు విప్పరండి. అందుకని పేరు లేకుండా కావలసింది చెప్పుకోమన్నాను."

తిరిగి వెళ్ళి మా అధికారితో ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన అంతా విన్నాడు.

"తప్పు లేకపోవచ్చు. కానీ ఆవుదూడ కోసం ప్రార్థన ఏ బడిలోనైనా ఉందా? రేపు ఇంకొకడు వస్తాడు. మామూలు పద్యమే పాడించమనండి, గొడవ వదిలిపోతుంది."

"పిల్లలు ఇష్టంగా చెప్పుకుంటున్నారండీ" అన్నాను.

"ఆ పద్యమూ ఇష్టంగానే పాడతారు."

అక్కడితో ఆగిపోయాను. నా భార్యకు నెలలు నిండుతున్నాయి. మైదానానికి బదిలీ కోరుతూ అర్జీ పెట్టుకున్నాను. దాని మీద సిఫారసు రాయాల్సింది ఆయనే.

ఆ ఉత్తర్వు చెప్పడానికి మళ్ళీ నేనే కొండెక్కాను. టీచరమ్మ వాదించలేదు. "ఆ పద్యం నాకు వచ్చండి. చిన్నప్పుడు మా బళ్ళో నేనే పాడించేదాన్ని" అని అప్పటికప్పుడు పిల్లలకు నేర్పడం మొదలుపెట్టింది. నా కోసం ప్రార్థించిన గుంట మాత్రం నా దగ్గరికి వచ్చింది.

"సారూ, ఇంక మాకు కావలసింది సెప్పుకోకూడదేటి?"

"ఇంట్లో చెప్పుకోండమ్మా."

"ఇంట్లో సెప్తే అలాగే అవ్వాల అనడానికి ఎవులుంటారు?"

టీచరమ్మ ఆ పిల్లను వెనక్కి పిలిచింది.

వేసవి సెలవులకు ముందు ఆమె అడ్డతీగల వైపు ఎక్కడికో తనే అడిగి బదిలీ చేయించుకుంది. రిలీవ్ కావడానికి నా ఆఫీసుకి వచ్చినప్పుడు ఆ ప్రార్థన ఊసే ఎత్తదనుకున్నాను. వెళ్ళబోతూ గుమ్మంలో ఆగింది.

"అంతా కళ్ళారా చూసింది మీరొక్కరే కదండీ. మీరు గట్టిగా చెబుతారనుకున్నాను."

"చెప్పానమ్మా" అన్నాను.

"చెప్పారండి" అంది, మర్యాదగా. నమస్కారం పెట్టి వెళ్ళిపోయింది.

సెలవులయి బడులు తెరిచాక నా బదిలీ కూడా వచ్చింది. సామాన్లు సర్దుకునే ముందు ఆ బడికి ఒకసారి వెళ్ళాను. కొత్త మాస్టారు క్రమశిక్షణ గల మనిషి. పిల్లలు చేతులు జోడించి పద్యం ఒక్క తప్పు లేకుండా పాడారు. అంత బాగా పాడటం మైదానంలోని బడుల్లో కూడా వినలేదు. మాస్టారు నా మెప్పు కోసం చూశాడు. బాగుందన్నాను.

అయినా కదలబుద్ధి కాలేదు. పిల్లల దగ్గరికి వెళ్ళి, "మీ ఇళ్ళల్లో అందరూ ఎలా ఉన్నార్రా? ఎవరికైనా జ్వరాలు గిరాలు ఉన్నాయా?" అని అడిగాను.

ఆ గుంట ముందు వరసలోనే ఉంది. ఏదో చెప్పబోయి మాస్టారి వైపు చూసింది. తర్వాత అందరితో పాటే చేతులు కట్టుకుని గట్టిగా అంది:

"అందరూ బాగున్నారు సార్."